అటక మీది చందమామలు



మీలో చాలామంది ఇళ్ళలో అటక మీదో, పాత ట్రంకు పెట్టె అడుగునో ఒక కట్ట ఉండే ఉంటుంది. ట్వైను దారంతో కట్టి, పైన పాత కేలండరు కాగితం అట్టగా వేసిన చందమామల కట్ట. ఇల్లు సున్నం వేయించినప్పుడల్లా కిందికి దిగుతుంది. ఎవరో ఒకరు పారేద్దామంటారు, ఇంకొకరు వద్దంటారు, మళ్ళీ అటక ఎక్కుతుంది. ఈనాటి ప్రసంగం ఆ కట్టను గురించి. చిన్నప్పుడు చదివిన ఆ కథలను నలభై దాటిన తర్వాత మళ్ళీ చదివితే ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో మీతో చెప్పుకోవాలని వచ్చాను.

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తెలుగు, తమిళ భాషల్లో ప్రారంభించారు. మరుసటి ఏడు కన్నడం వచ్చింది, తర్వాత ఇంకా చాలా భాషలు వచ్చాయి. తమిళంలో అంబులిమామ, మరాఠీలో చాందోబా, ఒడియాలో జహ్నమాము. కన్నడంలో మాత్రం పేరు మార్చవలసిన పని పడలేదు, అక్కడా చందమామే. ఈ సంగతి బళ్ళారి, రాయచూరు వైపు పెరిగిన వారికి బాగా తెలుసు. అంగడి ముందు వేలాడగట్టిన రెండు చందమామల మీదా ఒకే బొమ్మ ఉండేది. ఏది తెలుగో ఏది కన్నడమో దగ్గరికి వెళ్ళి అక్షరం చూస్తే గాని తెలిసేది కాదు.

నేను బళ్ళారి జిల్లాలో పుట్టి పెరిగాను. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, తక్కిన జిల్లా మైసూరులో కలిసింది. మా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. తెలుగు అక్షరాలు నాకు ఏ బడీ నేర్పలేదు. 1980లలో మా ఇంటికి తెలుగు చందమామ వచ్చేది, పక్కింటికి కన్నడ చందమామ వచ్చేది. రెండూ పక్కపక్కన పెట్టుకుని బొమ్మకు బొమ్మ సరిపోల్చి, కింద అక్షరానికి అక్షరం కూడబలుక్కునేవాళ్ళం. కన్నడ తెలుగు లిపులు ఒక తల్లి పిల్లలే గదా! తలకట్టు తీరు మార్చుకుని, క, శ, హ వంటి కొన్నింటిని విడిగా గుర్తుపెట్టుకుంటే నెల తిరిగేలోగా చదువు వచ్చేస్తుంది. హోసూరు వైపు పిల్లలకు ఇంత సులువు కాదు, తమిళ లిపి దూరం. బరంపురం, పర్లాకిమిడి పిల్లలకు ఒడియా గుండ్రాలు మరీ దూరం. అయినా ఆ ప్రాంతాల మిత్రులు చెప్పేదీ ఇదే, బొమ్మ పట్టుకుని అక్షరంలోకి వెళ్ళామని.

ఆ బొమ్మల సంగతి కొంచెం చెప్పాలి. లోపలి బొమ్మలు ఎక్కువగా వేసిన చిత్ర, శంకర్ ఇద్దరూ తమిళులు. చిత్ర అసలు పేరు రాఘవన్, 1978లో పోయారు. శంకర్ అంటే శివశంకరన్. భుజాన శవం, చేతిలో కత్తి, నడిరాత్రి శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ణి మన కళ్ళకు కట్టించింది ఆయనే. 2020లో తొంభై ఏళ్ళు దాటి పోయారు. మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు, అది ఆయన కళ్ళతో చూసుకోలేదు. ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారు శ్రీకాకుళం మనిషి, అంటే ఒడియా సరిహద్దు మనిషి. ఇప్పుడు మళ్ళీ చూస్తుంటే నాకు తోచేదేమంటే, ఆ బొమ్మల్లోని ఊళ్ళు ఏ ఒక్క రాష్ట్రానివీ కావు. మిద్దె ఒక చోటిదిలా ఉంటుంది, అరుగు స్తంభం ఇంకో చోటిది, తలపాగా మరో చోటిది. అన్ని భాషల పిల్లలకూ అది పక్క ఊరే అనిపించాలి గదా. సరిహద్దులో పెరిగిన మనకు అది అచ్చంగా మన ఊరే.

ఇక భాష. చిన్నప్పుడు భాషను ఎవరు గమనిస్తారు? కథ నడిచిపోయేది, అంతే. ఇప్పుడు చదివితే మొదట ఆగేది అక్కడే. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపిన కలం కొడవటిగంటి కుటుంబరావు గారిది. చిన్న వాక్యం. ఒక వాక్యానికి ఒక పని. విశేషణాలు తక్కువ. దయ్యాలను నమ్మని హేతువాది అయిన రచయిత దయ్యాల కథలను అంత నిబ్బరంగా, ఎక్కడా వెక్కిరింపు లేకుండా తిరగరాయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బి.ఎడ్.లో మాకు పిల్లల కోసం పాఠం ఎలా రాయాలో చాలా చెప్పారు. ఒక చందమామ తెరిచి చూపించి ఉంటే సగం పని అయిపోయేది.

అయితే ఇందులో మనకు సంబంధించిన ఒక పేచీ ఉంది. మా ఇంట్లో పొరక, పుస్తకంలో చీపురు. మా ఇంట్లో ఎనుము, పుస్తకంలో గేదె. మేము కసువు ఊడిస్తే వాళ్ళు చెత్త ఊడ్చేవారు. మేము ‘యాడికి పోతావు’ అంటే వాళ్ళు ‘ఎక్కడికి వెళుతున్నావు’ అనేవారు. చదవగా చదవగా మా తరం పిల్లలకు ఒక అభిప్రాయం పడిపోయింది, పుస్తకంలోది మంచి తెలుగు, అవ్వ మాట్లాడేది మోటు తెలుగు అని. కొందరు అవ్వ మాటను దిద్దడానికి కూడా సిద్ధమయ్యారు. ఇప్పుడు చూస్తే ఆ మాటల్లో తప్పెక్కడుంది? పొరకను కన్నడంలో పొరకె అంటారు. కసువు కస. ఎనుము కన్నడంలో ఎమ్మె, తమిళంలో ఎరుమై. ఇవి చుట్టరికం ఉన్న పాత మాటలు, గేదె కంటే మన పొరుగుకు దగ్గర మాటలు. పత్రిక వారిని నేను తప్పు పట్టడం లేదు. శ్రీకాకుళానికీ బళ్ళారికీ ఒకే ప్రతి వెళ్ళాలి, అదే కథ ఇంకా పది భాషల్లోకి పోవాలి. ఎవరి యాసా లేని తెలుగు ఒకటి తయారు చేసుకోక తప్పదు. అది ఇన్నేళ్ళయినా పాతబడకపోవడానికి ఆ సాదాతనమే కారణం. కాని ఇంట్లో పిల్లలకు పైకి చదివి వినిపించేటప్పుడు గేదె అని రాసి ఉన్నచోట నేను ఎనుము అనే చదువుతాను. పిల్లలు అక్షరం మీద వేలు పెట్టి ‘ఇక్కడ గేదె అని ఉందే’ అని పట్టుకుంటారు. పట్టుకోనీ. రెండు మాటలూ వస్తాయి.

సీరియళ్ళ మాట త్వరగా చెప్పి ముందుకు పోతాను. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, యక్షపర్వతం, మాయాసరోవరం. ఈ పేర్లు వింటేనే కొందరు శ్రోతలు కుర్చీలో సర్దుకుని కూర్చుని ఉంటారు. 1954లో తోకచుక్కతో మొదలై రెండు దశాబ్దాలకు పైగా వచ్చిన ఈ సీరియళ్ళన్నీ రాసింది ఒకరే, దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఆ పేరు సీరియల్ మీద ఉండేది కాదు. అర్ధశతాబ్దం పైగా ఆ పత్రికలో పనిచేసి 2010లో కన్నుమూశారు. ఆయన చేతి చలవ మీద పెరిగిన పాఠకుల్లో ఎంతోమందికి ఆయన పేరు పెద్దయ్యాక గాని తెలియలేదు.

నెలకు ఒక భాగం చొప్పున చదివిన కథను ఒక ఆదివారం నాడు ఏకబిగిన చదివితే రుచి మారుతుంది. నెలంతా కొండ అంచున వేలాడిన వీరుడు ఇప్పుడు పేజీ తిప్పగానే కిందికి దూకేస్తాడు. భయం సగం పోతుంది. పోయిన భయం స్థానంలో హాస్యం బయటపడుతుంది. ఆ మాంత్రికులు ఎంత గొప్పలు చెప్పుకుంటారో, ఎంత తొందరగా బోర్లాపడతారో చిన్నప్పుడు నాకు తోచనే లేదు. ఇంకో సంగతి. తోకచుక్కలో సేనాని సమరసేనుడు ఇద్దరు మాంత్రికుల మధ్య చిక్కుకుంటాడు. ఒకడు ఏకాక్షి, ఇంకొకడు చతుర్నేత్రుడు. ఒంటికన్ను వాడు, నాలుగు కళ్ళవాడు. పేరు తెలిస్తే మనిషి తెలిసినట్టే. ఏక, అక్షి, చతుర్, నేత్ర ఈ నాలుగు మాటలు ఇటు తెలుగులోనూ అటు కన్నడంలోనూ చెల్లే నాణేలు. ప్రతి భాగం తలకట్టులో జరిగిన కథ నాలుగు ముక్కల్లో ఉండేది. పెద్ద కథను చిన్నది చేయడం ఎట్లాగో నేను నేర్చుకున్నది ఏ వ్యాకరణం పుస్తకంలోనూ కాదు, అక్కడే.

ఇప్పుడు బేతాళుడి దగ్గరికి వద్దాం.

బేతాళ కథలు చిన్నప్పుడు మనం ఎలా చదివామో గుర్తు తెచ్చుకోండి. మొదటి పేరా, చివరి పేరా ఎప్పుడూ ఒకటే కనుక వదిలేసేవాళ్ళం. మధ్యలో కథ చదివేవాళ్ళం. ప్రశ్న రాగానే గబగబా జవాబుకు దూకేవాళ్ళం. ఇప్పుడు సరిగ్గా తిరగబడింది. కథ తెలిసిపోతూనే ఉంటుంది, మనిషి ఆగేది ప్రశ్న దగ్గర.

ఈ కథల పుట్టుక మన సరిహద్దు వారికి, ముఖ్యంగా మహారాష్ట్రలోని శ్రోతలకు ఆసక్తిగా ఉంటుంది. గుణాఢ్యుడనే కవి పైశాచీ భాషలో బృహత్కథ రాశాడనీ, అతడు శాతవాహన రాజు కొలువులో ఉండేవాడనీ పెద్దలు చెబుతారు. ఆ గ్రంథం దొరకలేదు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు దాన్ని ఆధారం చేసుకుని సంస్కృతంలో కథాసరిత్సాగరం రాశాడు. అందులో ఇరవై అయిదు బేతాళ కథలున్నాయి. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఊరు ఉజ్జయిని కాదు, గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం. అంటే ఈనాటి పైఠణ్. రాజమండ్రికి వచ్చే గోదావరే అది. కాశ్మీర కవి రాసిన రాజు మన నది నీళ్ళు తాగినవాడు!

కథ మొదలు కూడా చూడండి. ఒక భిక్షువు రోజూ కొలువుకు వచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి పోతాడు. రాజు దాన్ని కోశాధికారి చేతికి ఇచ్చేస్తాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఒకనాడు పెంపుడు కోతి ఆ పండు కొరికితే లోపలి నుంచి రత్నం రాలుతుంది. చిన్నప్పుడు మనకు రత్నమే కనిపించింది. ఇప్పుడు నాకు కనిపించేది అన్నేళ్ళు పండు పుచ్చుకుని ఒక్కసారైనా తెరిచి చూడని రాజు. నేను రోజూ హాజరు పిలిచే పిల్లలు గుర్తొస్తారు, అంతకంటే చెప్పను.

అసలు ఇరవై అయిదూ అయిపోయినా చందమామ వారు ఆ చట్రాన్ని వదల్లేదు. కొత్త కథలు అల్లి దశాబ్దాల తరబడి బేతాళుడి నోట చెప్పించారు. ఆ కొత్త కథల్లో చాలావాటికి ఒక పోలిక ఉంది. ఎవడో ఒకడు కష్టపడి ఫలితం చేతికి వచ్చే వేళకు దాన్ని వదులుకుంటాడు. రాజ్యం వద్దంటాడు, విద్య వద్దంటాడు. వాడు తెలివితక్కువవాడా, పిరికివాడా అని బేతాళుడు అడుగుతాడు. కాదు, వాడి మనసులో ఉన్నది ఇదీ అని రాజు చెబుతాడు. ఎదుటివాడు చేసిన పని మనకు అర్థం కానప్పుడు వాడు మూర్ఖుడని తేల్చేయకుండా కారణం వెతకడం, నెలనెలా ఇదొక్కటే అభ్యాసం. పదేళ్ళ వయసులో ఇది ఎక్కదు. పదిమందితో కలిసి ఉద్యోగం చేశాక, ఇంట్లో పెద్దవాళ్ళతో మాటలు పడి, మాటలు అన్నాక, ఎక్కుతుంది.

షరతు మాట ఏమిటి? తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం పోతుంది, శవం చెట్టెక్కుతుంది, మళ్ళీ నడవాలి. చిన్నప్పుడు నాకు ఇది అన్యాయంగా తోచేది, ఒప్పు చెప్పినవాడికి శిక్ష ఏమిటని. ఇప్పుడు అది న్యాయంగానే కనబడుతోంది. తెలిసినవాడు చెప్పాలి, చెప్పినందుకు అదనంగా పని మీద పడుతుంది. ఊళ్ళో ఏ పంచాయితీలోనైనా, ఏ సిబ్బంది సమావేశంలోనైనా నోరు విప్పినవాడికి జరిగేది ఇదే గదా. పాత కథల్లో ఒకే ఒక్కసారి రాజు ఊరుకుంటాడు. తండ్రి కూతుర్నీ, కొడుకు తల్లినీ పెళ్ళాడితే వారి పిల్లలకు ఒకరికొకరు ఏమవుతారన్నప్పుడు. అతనికి నిజంగానే తెలియలేదు. ఆ మౌనానికే బేతాళుడు సంతోషించి సాయపడతాడు.

మా బడి కన్నడ మాధ్యమం. నా తరగతిలో చాలామంది ఇళ్ళలో తెలుగే. వారికి తెలుగు చదవడం రాదు. బడి విడిచాక వారంలో ఒక రోజు ఇష్టమున్నవారిని కూర్చోబెట్టి బేతాళ కథ ఒకటి తెలుగులో వినిపిస్తుంటాను. ప్రశ్న దగ్గర పుస్తకం మూసేస్తాను. జవాబు వాళ్ళు కాగితం మీద రాయాలి. తెలుగు మాటలు, కన్నడ అక్షరాలు. అందులో వ్యాకరణం వెతకను.

ఒకసారి దొంగ కథ చెప్పాను. ఒక అమ్మాయి పెళ్ళికి ముందు తనను ప్రేమించినవాడికి, పెళ్ళయిన వెంటనే ఒకసారి వచ్చి కనబడతానని మాట ఇస్తుంది. పెళ్ళి రాత్రి భర్తకు నిజం చెబుతుంది. అతడు పొమ్మంటాడు. దారిలో దొంగ అడ్డగిస్తాడు. మాట తీర్చుకుని తిరిగి వస్తానంటే నగలు ముట్టుకోకుండా పోనిస్తాడు. ఆమెను చూసిన ఆ పాత ప్రియుడు పరాయి భార్యవని తాకకుండా పంపేస్తాడు. ఆమె వెనక్కి వస్తుంది, దొంగ ఆమెను క్షేమంగా ఇంటికి చేరుస్తాడు. భర్త, దొంగ, ప్రియుడు ముగ్గురిలో గొప్పవాడెవరు? సోమదేవుడి రాజు దొంగ అంటాడు. భర్త మనసు లేని భార్యను పోనిచ్చాడు, ప్రియుడికి వ్యామోహం చల్లారింది, రాజభయం కూడా ఉంది. దొంగకు నష్టం తప్ప లాభం లేదు, వాడి బ్రతుకే అది, అయినా వదిలాడు అని అతని లెక్క.

కాగితాలు తీసుకున్నాను. సగం మంది దొంగ అన్నారు, కొందరు భర్త అన్నారు. ఒక ఎనిమిదో తరగతి పిల్ల కాగితం తెల్లగా ఉంది. ఏమమ్మా అంటే లేచి నిలబడి అన్నది: “ముగ్గురూ ఇడిచిపెట్టినారు, అంతే గదా సార్. రాత్రిపూట ఒక్కతే పోయి, మళ్ళా వచ్చింది ఆ యమ్మే. ఆ యమ్మను లెక్కలోకే తీసుకోలేదే?”

వెయ్యేళ్ళుగా చెప్పుకుంటున్న కథ ఇది. బేతాళుడి ప్రశ్నలోనే ఒక మనిషి తక్కువ ఉంది. నేను చిన్నప్పటి నుంచి ఎన్ని బేతాళ కథలు చదివానో లెక్కలేదు. ప్రశ్నను దాటి జవాబు వెతకడమే తప్ప ప్రశ్నను ప్రశ్నించడం నాకు ఆ పిల్ల చూపింది. ఆ మాట అన్నది తన ఇంటి తెలుగులో. అది కన్నడ పాఠం గంటలో బయటికి వచ్చేదా? నాకు అనుమానమే.

ఈ పాత కథల్లో అట్లాంటి లోటులు ఇంకా ఉన్నాయి. రాకుమారి బహుమతి వస్తువులా వస్తుంది. అడవి మనుషులు చాలాచోట్ల భయపెట్టడానికే కనిపిస్తారు. మంచివాళ్ళు తెల్లగా, చెడ్డవాళ్ళు నల్లగా. పేదవాడికి న్యాయం కావాలంటే రాజుకు దయ పుట్టాలి. కొందరు తల్లిదండ్రులు ఇందుకే ఈ కథలు పిల్లలకు వద్దంటారు. నేను ఆ పక్షం కాదు. అట్లాగని మా కాలంలో అంతా బంగారమే అనే పెద్దల పక్షమూ కాదు. ఏ ముక్కా కత్తిరించకుండా చదువుతాను, పిల్లలు అడగడానికి చోటు ఇస్తాను.

అయితే ఆ పత్రిక ఇప్పుడు రాదు. 1998లో ఒకసారి ఆగి, 1999 చివర మళ్ళీ వచ్చింది. 2007లో చేతులు మారింది. 2013 నాటికి పూర్తిగా నిలిచిపోయింది. దాసరి వారి సీరియళ్ళు కొన్ని పుస్తకాలుగా వచ్చాయి. తక్కినదంతా మన అటకల మీదే ఉంది. మన ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఉన్నారు, చదివే పిల్లలు తగ్గిపోతున్నారు. మాకు రెండు భాషల చందమామలు చేసిన పని ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు నోటితో చేయాలి.

కట్ట దించేటప్పుడు ఒక జాగ్రత్త. పాత సంచికల నడుమ ఉండే పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి. గబుక్కున తెరిస్తే మధ్య కాగితం చినుగుతుంది. ముందు ఆ పిన్నులు మెల్లగా తీసేసి, సూదీ దారంతో రెండు కుట్లు వేయండి. రాత్రి భోజనాలయ్యాక ఒక్క బేతాళ కథ చాలు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, చదివే అక్షరం కింద వేలు నడిపించండి. ప్రశ్న వచ్చిన చోట ఆపేయండి. జవాబు మర్నాడు చెప్పండి, ఎంత బతిమాలినా ఆ రాత్రి చెప్పకండి. పిల్ల జవాబు కన్నడంలో చెప్పినా, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో చెప్పినా విని, అదే మాట తెలుగులో ఒకసారి అనిపించండి. కట్టలో కొన్ని సంచికలు పోయి ఉంటే పొరుగింట్లో అడగండి, వాళ్ళ అటక మీద ఉండవచ్చు.